అంగడి సరుకు, సైన్యం చేతిలో

జలాంతర్గామి అనగానే సినిమాల్లో చూసిన బొమ్మే మన కళ్ళముందు మెదులుతుంది. ఆఫీసరు టోపీ వెనక్కి తిప్పుకుని, పైనుంచి దిగిన గొట్టానికి కన్ను ఆనించి సముద్రం మీదికి చూస్తుంటాడు. అమెరికావాళ్ళ కొత్త జలాంతర్గాములలో ఇప్పుడు ఆ గొట్టమే లేదు. కెమెరాలు బిగించిన స్తంభమొకటి నీటిపైకి లేస్తుంది. అది చూసిన దృశ్యం లోపల తెరమీద కనపడుతుంది. ఆ కెమెరాలను అటూ యిటూ తిప్పడానికి ప్రత్యేకంగా చేయించిన పిడికీ, దాని పెట్టెకీ కలిపి మొదట్లో 38,000 డాలర్ల దాకా అయ్యేది. 2018 మార్చిలో నౌకాదళంలో చేరిన ‘కొలరాడో’ అనే జలాంతర్గామిలో దాని బదులు పిల్లలు వీడియో ఆటలాడుకునే ఎక్స్‌బాక్స్ 360 పిడి పెట్టారు. ఖరీదు 30 డాలర్ల లోపు. పాత పిడి వాడకం కొత్త నావికుడికి నేర్పడానికి గంటలు పడితే, ఇది చేతికిచ్చిన నిమిషాల్లో పట్టు చిక్కిందట. ఇంట్లో ఆడిందే గదా!

ఈ సంగతి హాస్టల్లో చర్చకొచ్చినప్పుడు మావాళ్ళు రెండు పక్షాలయ్యారు. దేశరక్షణ వంటి గంభీరమైన పనికి పిల్లల ఆటవస్తువులా అని కొందరు ముక్కున వేలేసుకున్నారు. 30 డాలర్ల వస్తువుతో జరిగే పనికి 38,000 పుచ్చుకున్న కాంట్రాక్టరును ముందు నిలదీయాలని మరికొందరు. నేను రెండో పక్షం. రైతు ఇంట్లో పుట్టినవాడెవడైనా ఆ పక్షమే చేరతాడు. పాత క్యాసెట్లలోని టేపు లాగి జొన్నచేలో కడతాం. గాలికి అది చేసే రొదకు పిట్టలు వాలవు. నానమ్మ పాతచీరలు చేనుచుట్టూ కంచె అయి అడవిపందుల్ని ఆపుతాయి. ఏ వస్తువు దేనికోసం తయారైందన్నది మాకు ఎన్నడూ అడ్డం రాలేదు. పనికొస్తుందా, చవకా, చెడిపోతే బాగుచేసే మనిషి దగ్గర్లో ఉన్నాడా అని చూస్తాం, అంతే. సైన్యాలు మొదటి రెండూ చూసుకుని మూడోదాన్ని మరిచిపోతున్నాయన్నది నా అభియోగం.

సైన్యానికి కావలసిన వస్తువు సైన్యం చెప్పిన కొలతలకే తయారు కావాలన్నది పాత నియమం. అది ఉత్త చాదస్తమని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. ఎలక్ట్రానిక్స్ చదివే మాకు మొదట్లోనే చెబుతారు: అంగట్లో అమ్మే మామూలు చిప్పు 0 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేస్తుందని హామీ; ఫ్యాక్టరీలకు ఉద్దేశించిన రకానికి మైనస్ 40 నుంచి 85 వరకు; సైనిక రకానికి మైనస్ 55 నుంచి 125 వరకు. ఇంట్లో ఫ్యాను కింద ఉండే వస్తువుకు మొదటిది చాలు. ఎండకు పేరుమోసిన రెంటచింతల మా పల్నాడులోదే. మే నెల మిట్టమధ్యాహ్నం బోరు దగ్గర స్తంభానికి వేలాడే ఇనప డబ్బా మీద చెయ్యి పెట్టినవాడికి, 70 డిగ్రీలన్న అంకె ఏమంత దూరం కాదని తెలుస్తుంది. అటు సియాచిన్‌లో ఉన్న జవానుకు 0 డిగ్రీలన్న అంకె చూస్తే నవ్వొస్తుంది.

అయితే ఆ నియమం కూడా ముదిరి పాకాన పడింది. అమెరికా సైన్యానికి సరఫరా చేసే ఫ్రూట్ కేకు ఎట్లా ఉండాలో చెప్పే నిబంధనలే 18 పేజీలుండేవి. కేకుకే అన్ని పేజీలైతే రేడియోకు ఎన్నో ఊహించుకోవచ్చు. ఈలోపల లోకం మారిపోయింది. 1960ల మొదట్లో అమెరికాలో తయారైన ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లను దాదాపుగా సైన్యమూ, అంతరిక్ష సంస్థా కొనేవి. తర్వాత తర్వాత టెలివిజన్లు, కంప్యూటర్లు, ఫోన్లు కొనే సామాన్య జనం ముందు సైన్యం చిన్న ఖాతాదారైపోయింది. కొత్త చిప్పు ముందు అంగడికి, పదేళ్ళ తర్వాత ఆయుధాగారానికి వచ్చే పరిస్థితి. 1994 జూన్‌లో అక్కడి రక్షణమంత్రి విలియం పెర్రీ ఉత్తర్వు జారీచేశాడు: వీలైన చోటల్లా అంగడి ప్రమాణాలే వాడండి, సైనిక ప్రమాణమే కావాలంటే దానికి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోండి అని. నియమం తలకిందులైంది.

ఉత్తర్వు అప్పుడు వచ్చిందిగాని అవసరం అంతకు మూడేళ్ళ ముందే తెలిసింది. 1991 గల్ఫ్ యుద్ధంలో గుట్టాగోడూ లేని ఎడారిలో దారి తెలుసుకోవడానికి జి.పి.ఎస్. పెట్టెలు కావాలి. సైన్యం కోసం చేసినవి చాలినన్ని లేవు. అంగట్లో పడవలవాళ్ళకూ సర్వేయర్లకూ అమ్మే రకాలను వేలకొద్దీ కొన్నారు. కొందరు సైనికులైతే ఇళ్ళకు ఉత్తరాలు రాసి తెప్పించుకున్నారు. ఇక్కడొక తిరకాసు ఉంది. శత్రువు వాడుకోకుండా, మామూలు జనానికి అందే సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలనే తప్పు కలిపేది; 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. ఇప్పుడు తమ సైనికుల చేతుల్లోనే మామూలు జనం పెట్టెలున్నాయి కనుక యుద్ధకాలంలో ఆ తప్పు కలపడం ఆపేశారు. యుద్ధమయ్యాక మళ్ళీ మొదలుపెట్టి, చివరకు 2000 మే నెలలో శాశ్వతంగా మానేశారు. ఇవాళ మన ఊళ్ళో ఆటోవాడు ఫోన్లో దారి చూసుకుంటున్నాడంటే అందులో ఆ నిర్ణయానికీ వాటా ఉంది. ఈ కథ చెప్పింది మరో సంగతి కోసం. పెట్టె అంగట్లోదే అయినా, ఆకాశంలో దాన్ని నడిపించే మీట కొన్నవాడి ప్రభుత్వం చేతిలోనే ఉంది. అందుకని పని నడిచింది. మీట ఇంకొకరి చేతిలో ఉంటే?

ప్లేస్టేషన్ కథ చూడండి. అసలు నేనీ వ్యాసానికి పూనుకున్నది దానికోసమే. 2006లో సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 3 అనే ఆటపెట్టె విడుదల చేసింది. దాని గుండెకాయ ‘సెల్’ అనే ప్రాసెసరు. సోనీ, తోషిబా, ఐ.బి.ఎం. కలిసి తయారుచేసింది. లెక్కలు చెయ్యడంలో ఆ కాలానికి మహా చురుకైనది. అంత సరుకు నింపిన పెట్టెను సోనీ మొదట్లో నష్టానికే అమ్మింది. పెట్టె కొన్నవాడు తర్వాత ఆటలు కొనకపోడు, ఆ లాభంలో ఈ నష్టం పూడుతుందని వాళ్ళ లెక్క. పైగా, కావలసినవాళ్ళు అందులో లినక్స్ వేసుకుని మామూలు కంప్యూటరుగా వాడుకోవచ్చునని వీలు కూడా కల్పించింది. న్యూయార్క్ రాష్ట్రంలో రోమ్ అనే ఊళ్ళో ఉన్న అమెరికా వైమానికదళ పరిశోధనశాలవాళ్ళు దీన్ని పసికట్టారు. 1,700కు పైగా ఆటపెట్టెలు కొనుక్కొచ్చి, ఒకదానికొకటి జతచేసి, 2010లో ‘కాండర్’ అనే సూపర్ కంప్యూటరు నిలబెట్టారు. సెకనుకు సుమారు 500 లక్షల కోట్ల లెక్కలు! ఖర్చు 20 లక్షల డాలర్ల చిల్లర. అదే శక్తిగలదాన్ని మామూలు పద్ధతిలో కట్టిస్తే పదింతలైనా అయ్యేదని అప్పట్లో చెప్పారు. రాడారు చిత్రాలు, ఉపగ్రహాలు తీసిన ఫోటోలు జల్లెడపట్టే పని దానికి అప్పగించారు. ఆటలు మాత్రం ఒక్కటి కూడా కొని ఉండరు. సోనీవాడి లెక్క అక్కడ తప్పింది.

కానీ సోనీవాడి చేతిలో ఇంకో కాగితం ఉంది. అదే 2010 ఏప్రిల్‌లో పెట్టెలన్నిటికీ ఒక అప్‌డేట్ పంపి, భద్రతా కారణాలు చెప్పి, లినక్స్ వేసుకునే వీలును తీసేసింది. అంతకుముందు ఏడాది వచ్చిన పల్చటి రకంలో ఆ వీలు అసలే లేదు. అప్‌డేట్ వద్దనుకున్నవాడికి సోనీ నెట్‌వర్కులో ప్రవేశం లేదు. వైమానికదళంవాళ్ళు నెట్‌వర్కులో ఆటలాడేవాళ్ళు కారు కనుక, వాళ్ళ పాత పెట్టెలు నడుస్తూనే ఉన్నాయి. వాటిలో ఒకటి కాలిపోతేనే చిక్కు. బజారుకెళ్ళి కొత్తది తెస్తే అందులో లినక్స్ ఎక్కదు. అణ్వస్త్రాలున్న సైన్యం తన కంప్యూటరును, పాత బండికి విడిభాగాలు దొరకని లారీ డ్రైవరులాగా, ఉన్నవాటితోనే నెట్టుకురావలసి వచ్చింది. సోనీకి సైన్యం మీద పగ ఉందా అంటే లేదు. వాళ్ళు లెక్కలోనే లేరు. కోట్లకొద్దీ పెట్టెలమ్మే వర్తకుడికి 1,700 కొన్నవాడు ఎంత గొప్పవాడైనా చిల్లర బేరమే.

జలాంతర్గామి పిడికీ ఇదే జాతకం. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 తయారీ ఆపుతున్నట్లు 2016 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. కొలరాడో నౌకాదళంలో చేరింది 2018లో. ఆ జలాంతర్గామి 30 ఏళ్ళకు పైగా పనిచెయ్యాలి. వంద పిడులు ముందే కొని గదిలో పెట్టుకుంటే గడిచిపోతుంది, 30 డాలర్ల వస్తువే గదా అంటారు. పిడి విషయంలో నేనూ ఒప్పుకుంటాను. తీగతో తగిలించే పిడి, దానికి అప్‌డేట్ పంపేవాడు లేడు. అన్ని వస్తువులూ అంత బుద్ధిమంతులు కావు.

ఆ సంగతి నాకు పుస్తకాల్లోకంటే ముందు పొలంలోనే తెలిసింది. రాత్రిపూట కరెంటిచ్చే రోజుల్లో చీకట్లో పాముల మధ్య బోరు దగ్గరికి పోలేక, మా నాన్న మోటారు స్టార్టరుకు సిమ్ కార్డు వేసే డబ్బా ఒకటి తగిలించాడు. ఇంట్లో మంచం మీదనుంచి ఫోను కొడితే పొలంలో మోటారు ఆడుతుంది. అంతకంటే రైతుకు కావలసిందేముంది! రెండు ఎండాకాలాలు గడిచాక అది మొరాయించింది. మా ఊరి మెకానిక్ రేడియోలనుంచి ఫోన్లదాకా దేన్నయినా విప్పి చూడగల మనిషి. మూత తీశాడు. లోపల సర్క్యూట్ బోర్డు మీద నల్లటి జిగురు పోసి రాయిలాగా గట్టిపరిచారు. ఏ చిప్పు ఏదో తెలీదు, తాకడానికి వీల్లేదు. వానకూ దుమ్ముకూ రక్షణ అని కంపెనీవాళ్ళ సమాధానం, అబద్ధమేమీ కాదు. కానీ ఆ జిగురు దుమ్మునే కాదు, మెకానిక్‌నూ ఆపుతుంది గదా. ఆ రకం మానేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు.

మా చిన్నాన్న అనుభవం ఇంకా ఘాటుగా ఉంటుంది. 2021-22లో మిరపతోటల మీద నల్లతామర పురుగు పడి మా వైపు రైతులు ఎట్లా మునిగారో తెలియనిది కాదు. ఆ భయంతో నలుగురు రైతులు కలిసి, 10 లీటర్ల మందు మోసుకుని ఎగిరే డ్రోను ఒకటి అప్పుచేసి తెచ్చారు. మంచి వస్తువు. మనిషి మందు పీల్చే బాధ లేదు, ఎకరం నిమిషాల్లో అయిపోతుంది. నిరుడు సరిగ్గా పురుగు కనపడిన వారం, యాప్ అప్‌డేట్ చేస్తేగాని ఎగరనని మొండికేసింది. అప్‌డేట్ చేస్తే, సర్వరు జవాబివ్వడం లేదంటుంది. కంపెనీ ఫోను మోగుతుంది, ఎత్తేవాడు లేడు. రెండు రోజులు డ్రోను కళ్ళంలో కూర్చుంది, పురుగు మాత్రం కూర్చోలేదు. మూడోరోజుకు పాత వీపు స్ప్రేయర్లే దిక్కయ్యాయి. డబ్బు పూర్తిగా కట్టిన వస్తువు మనది ఎందుకు కాలేదన్నది చిన్నాన్న వేసిన ప్రశ్న. నేను ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు తిరగేశాను. అందులో ఓమ్ సూత్రం ఉంది, దానికి జవాబు లేదు.

పొలంలో రెండు రోజులు ఆగితే పంట పోతుంది. యుద్ధంలో ఆగితే ఏమవుతుందో 2022నుంచి ఉక్రెయిన్‌లో జరుగుతున్న యుద్ధం చూపించింది. పెళ్ళిళ్ళలో వీడియో తీసే డి.జె.ఐ. కంపెనీ ‘మావిక్’ డ్రోన్లు రెండు పక్షాలకూ కళ్ళయ్యాయి. రష్యావాళ్ళ ‘ఓర్లాన్-10’ అనే నిఘా విమానాన్ని కూల్చి విప్పి చూస్తే, మన ఫోటో స్టూడియోలో ఉండే కానన్ కెమెరా బయటపడింది. చైనాకు చెందిన డి.జె.ఐ. తన డ్రోన్లను దూరంనుంచే గుర్తుపట్టే పరికరం ఒకటి అమ్మేది. అది డ్రోను ఎక్కడుందో, ఎగరేసే మనిషి ఎక్కడ నిలబడ్డాడో కూడా చెబుతుంది. విమానాశ్రయాల భద్రతకని చేసిన ఏర్పాటు. యుద్ధంలో అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు అవతలి మనిషి చిరునామా దొరికినట్లే. 2022 మార్చిలో ఉక్రెయిన్ మంత్రి బహిరంగంగా ఆ కంపెనీకి మొరపెట్టుకున్నాడు. ఏప్రిల్‌లో కంపెనీ రెండు దేశాల్లోనూ వ్యాపారం నిలిపేస్తున్నానంది. అయినా మూడో దేశాల మీదుగా డ్రోన్లు రావడం ఆగలేదు. తర్వాత 2023 సెప్టెంబరునుంచి చైనా ప్రభుత్వమే డ్రోన్లమీద, భాగాలమీద ఎగుమతి ఆంక్షలు పెట్టింది.

అక్కడివాళ్ళు ఏం చేశారన్నది మనం శ్రద్ధగా చూడవలసిన సంగతి. కొన్న డ్రోన్ల ప్రోగ్రాములు విప్పి మార్చుకున్నారు. ఇళ్ళల్లో వంటగది బల్లమీద మోటార్లు, రెక్కలు, సర్క్యూట్లు కలిపి సోల్డర్ చేసి డ్రోన్లు తయారుచెయ్యడం మామూలు పౌరులకు పాఠాలుగా నేర్పారు. రేడియో సంకేతాన్ని శత్రువు చెడగొడుతుంటే, 2024నుంచి రెండు పక్షాలవాళ్ళూ సన్నటి ఆప్టికల్ ఫైబరు చుట్టను డ్రోనుకు కట్టి, దారం వదులుతూ ఎగరెయ్యడం మొదలుపెట్టారు. మన వీధిలో ఇంటర్నెట్‌కు లాగే తీగ జాతిదే అది. పాఠంలో సంపూర్ణ అంతర పరావర్తనం అని ఐదు మార్కుల ప్రశ్నగా రాసివచ్చే మాకు, అది ఇట్లా పనికొస్తుందని ఎవరు చెప్పారు? మోటార్లూ చిప్పులూ ఇప్పటికీ ఎక్కువగా చైనావే అన్నది నిజం. కానీ విప్పడం తెలిసినవాడు ఒక దారి మూస్తే మరో దారి వెతుక్కోగలిగాడు.

ఇది రాస్తున్నందుకు నాకేమీ ఉత్సాహంగా లేదు. పొలాల్లో మందు చల్లే రకానికి అన్నదమ్ముల్లాంటి పెద్ద డ్రోన్లు అక్కడ రాత్రిపూట బాంబులు మోస్తాయి. రష్యా సైనికులు వాటిని ‘బాబా యగా’ అంటారు. వాళ్ళ జానపద కథల్లో మంత్రగత్తె పేరు. ఆ వీడియోలు చూసినప్పటినుంచి చిన్నాన్న డ్రోను చప్పుడు నాకు మునుపటిలాగా వినపడడం లేదు.

ఉపగ్రహ ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ పళ్ళేల సంగతీ అంతే, ఎక్కువ చెప్పను. ఇళ్ళమీద పెట్టుకోవడానికి అమ్మే ఆ పళ్ళేలతోనే ఉక్రెయిన్ సైన్యం మాటామంతీ నిలబడింది. క్రిమియాలో సెవస్తోపోల్ దాకా ఆ సేవ తెరవమని తనను అడిగారనీ, తాను ఒప్పుకోలేదనీ దాని యజమాని ఎలాన్ మస్క్ 2023లో స్వయంగా చెప్పాడు. ఆయన నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే తగాదా. ఒక దేశపు యుద్ధంలో ఎక్కడిదాకా పోవచ్చో ఒక వ్యాపారి నిర్ణయించాడన్నదే నాకు కొరుకుడు పడని విషయం.

ఇప్పటిదాకా సైన్యాలు కొన్న వస్తువుల గురించి చెప్పాను. సిపాయి సొంత డబ్బుతో కొని జేబులో వేసుకున్న వస్తువుల గతి వేరు. పరుగెత్తే దూరాన్ని లెక్కపెట్టే స్ట్రావా అనే యాప్‌వాళ్ళు 2017 నవంబరులో, తమ ఖాతాదారులు పరుగెత్తిన దారులన్నీ వెలుగు గీతలుగా ప్రపంచపటం మీద వేసి అందంగా ప్రచురించారు. 2018 జనవరిలో ఆస్ట్రేలియాలో ఒక విద్యార్థి, 20 ఏళ్ళవాడు, అంటే నా ఈడువాడే, ఆ పటం తీరిగ్గా చూస్తూ ఎడారుల మధ్య చీకట్లో కొన్ని వెలుగు వలయాలు కనిపెట్టాడు. అవి సైనిక స్థావరాల ప్రహరీల చుట్టూ సిపాయిలు పొద్దున్నే పరుగెత్తిన జాడలు! గూఢచారి అక్కర్లేకుండా స్థావరం పటం సిపాయి కాళ్ళే గీసిచ్చాయి. ఆరోగ్యం కోసం అటువంటి చేతిపట్టీలను 2013లో అమెరికా సైన్యమే ప్రయోగాత్మకంగా 2,500 పంచిపెట్టింది. 2018 ఆగస్టులో, యుద్ధరంగాల్లో చోటు చెప్పే పరికరాలు వాడవద్దని నిషేధించింది.

2023 జనవరి 1, అర్ధరాత్రి దాటగానే, రష్యా ఆక్రమణలో ఉన్న మకీవ్కా పట్టణంలో సైనికులున్న భవనం మీద ఉక్రెయిన్ రాకెట్లు పడ్డాయి. 89 మంది పోయారని రష్యా ఒప్పుకుంది. ఉక్రెయిన్ చెప్పిన సంఖ్య ఇంకా చాలా పెద్దది. సైనికులు నిషేధం మీరి మొబైల్ ఫోన్లు వాడడమే ముఖ్య కారణమని రష్యా రక్షణశాఖ ప్రకటించింది. కొత్త సంవత్సరం రాత్రి ఇంటికి ఫోను చేశారన్నమాట. అంతమందిని ఒకే కప్పు కింద ఎవరు పెట్టారు? దాని పక్కనే మందుగుండు ఎవరు నిలవచేశారు? ఈ ప్రశ్నలు రష్యాలోనే వేసినవాళ్ళున్నారు. ఫోనుమీద నెపం వెయ్యడం సులువు, ఎందుకంటే ఫోను కొన్నవాడు చచ్చిపోయాడు.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, మన సైన్యంలో సిపాయి. 2020 జూలైలో ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు తీసెయ్యమని సైన్యం ఆదేశించినప్పుడు అన్న కూడా తీసేశాడు. వాడి ఫోటోలు ఊళ్ళో అందరికీ చూపించుకునే పెద్దమ్మకు ఆధారం పోయింది. మొన్న సంక్రాంతికి, “ఒరే, సైన్సు చదువుతున్నావు గదా, మీ అన్న ఫోటో పెడితే పాకిస్తానోడికి ఎట్లా తెలుస్తుందిరా?” అని అడిగింది. ఫోటోలో చోటు, వేళ కూడా దాగి ఉంటాయని నాకు తోచినట్లు చెప్పాను. అంతా విని, “మరి ఆ చోటు చెప్పని ఫోను మనవాళ్ళే చేసియ్యొచ్చుగా?” అంది. నిషేధాలు రాసే పెద్దలు మా పెద్దమ్మ మాట ఆలోచించాలి. వద్దు అని చెప్పడానికి ఒక కాగితం చాలు. సిపాయి తల్లితో మాట్లాడుకోవడానికి నమ్మదగిన వస్తువు చేసివ్వడానికి పరిశ్రమ కావాలి.

మన దేశంలో ఆ పరిశ్రమ సంగతి ఏమిటి? 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన కొట్లాటలో మనవాళ్ళు 20 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళ నాయకుడు కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటవాడు. ఆ తర్వాత చైనా యాప్‌లు నిషేధించాం. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపాం, అయితే భాగాలు తెచ్చుకోవచ్చునన్నాం. ఫలితం ఊహించిందే. పైన మన పేరు, లోపల వాళ్ళ సరుకు. సరిహద్దుల్లో సామాన్లు మోసే 400 డ్రోన్లకు సైన్యం ఇచ్చిన ఆర్డర్లు, వాటిలో చైనా భాగాలున్నందుకు 2025 ఫిబ్రవరిలో రద్దయినట్లు వార్తలొచ్చాయి. రద్దుచెయ్యడం సబబే. కానీ చిక్కు ఆర్డరిచ్చేటప్పుడే ఎందుకు తెలియలేదని అడగక తప్పదు. జవాబు సూటిగా చెప్పుకుంటే, విప్పి చూసేవాళ్ళు చాలినంతమంది లేకనే.

మనకు చేతకాదన్న మాట మాత్రం నేనొప్పుకోను. 1967లో అణుశక్తి శాఖ కింద హైదరాబాదులో పెట్టిన ఇ.సి.ఐ.ఎల్. ఒక చేత్తో రియాక్టర్లకు నియంత్రణ పరికరాలు చేస్తూ, ఇంకో చేత్తో ఇళ్ళకు టెలివిజన్లు చేసింది. మా తాత తరంవాళ్ళను అడిగితే ఇ.సి. టి.వి. అంటే ఇప్పటికీ గుర్తుపడతారు. అంటే అప్పుడు దారి ఇటునుంచి అటు సాగింది: గంభీరమైన పనికి నేర్చిన విద్య అంగట్లోకి వచ్చింది. ఇవాళ అదే హైదరాబాదులో జగదీశ్ మార్కెట్‌కు వెళ్ళి చూడండి. పదో తరగతి కూడా దాటని కుర్రాళ్ళు భూతద్దం కింద ఫోను బోర్డు పెట్టుకుని, ఆవగింజంత భాగాన్ని ఊడబెరికి కొత్తది అతికిస్తుంటారు. వాళ్ళకు ఏ కంపెనీవాడూ సర్క్యూట్ పటం ఇవ్వలేదు. అటువంటి చేతులు దేశంలో ఎన్ని ఉన్నాయో రక్షణశాఖవాళ్ళు లెక్కేశారా? సైన్యం అంగట్లో ఏది కొన్నా పటం, ప్రోగ్రాము, విప్పే హక్కు రాయించుకుని కొనాలి. ఇవ్వనన్నవాడి దగ్గర ఎంత చవకైనా కొనకూడదు. చిల్లర బేరానికి ఏ కంపెనీ అవన్నీ ఇస్తుందని అడుగుతారేమో. నిజమే, ఇవ్వకపోవచ్చు. అప్పుడు మనమే తయారుచేసుకోవాలి, లేదా విప్పగలవాళ్ళను తయారుచేసుకోవాలి. రెండింటికీ చదువుకున్న చేతులు కావాలి.

మా చేతుల సంగతికొస్తే, కాలేజీ ప్రయోగశాలలో పరికరాలు పెట్టెల్లో బిగించి ఉంటాయి. పైన సర్క్యూట్ బొమ్మ గీసి ఉంటుంది. చూసి తీగలు కలుపుతాం, రీడింగులు రాసుకుంటాం, రికార్డులో గ్రాఫు వేస్తాం. పెట్టె మూత తీసినవాణ్ణి మూడేళ్ళలో నేను చూడలేదు; తీస్తే జరిమానా. మాస్టర్లను అనడం లేదు, చెడిపోతే కొత్తది కొనే డబ్బు వాళ్ళ దగ్గరా లేదు. అంచేత యూనియన్ కార్యవర్గానికి ఒక మనవి. వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రాకు పెట్టే ఖర్చులో కొంత మిగిల్చి, ఖాళీగా ఉన్న సైకిల్ షెడ్డు పక్క గదిలో నాలుగు సోల్డరింగ్ ఐరన్లు, రెండు మల్టీమీటర్లు, ఎక్కడైనా దొరికితే ఒక పాత ఆసిలోస్కోపు పెట్టించండి. చెడిపోయిన వస్తువులు మేమే ఇళ్ళనుంచి తెచ్చుకుంటాం. చిన్నాన్న డ్రోను ఆ తర్వాత రెక్క విరిగి గడ్డివామి పక్కన కొట్టంలో పడి ఉంది, తీసుకుపొమ్మన్నాడు. బ్యాటరీ మాత్రం ఇవ్వడట. మా ఊరి మెకానిక్ దాన్ని ఎట్లాగో విప్పి, కరెంటు పోయినప్పుడు కొట్టంలో లైటు వెలిగేలా తగిలించాడు.